తెల్లవారితే తెడ్డు, పొద్దుగూకితే పుస్తకం – మరి నిద్ర ఎప్పుడు?

జనగామ జిల్లా జఫర్‌గఢ్‌లో ఒక ఇల్లు అనుకుందాం. అబ్బాయి హైదరాబాదులో హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. స్నేహితులతో సరదాగా హుస్సేన్‌సాగర్‌కు వెళ్లి రోయింగ్ నేర్చుకున్నాడు. ఆర్నెల్లు తిరగకుండానే కాలేజీ జట్టులోకి వచ్చాడు. ఇప్పుడు తెల్లవారుజామున నాలుగున్నరకు లేస్తాడు. సాయంత్రం మళ్లీ కసరత్తు. రాత్రి పన్నెండు దాటాక రికార్డులు రాసుకుంటాడు. పండుగకు ఇంటికి వచ్చిన కొడుకును చూసి తల్లి గుండె గుభేలుమంటుంది. "ఇంత చిక్కిపోయినవేంది బిడ్డా? ఆ పడవ ఆట మానెయ్" అంటుంది. రెండు సబ్జెక్టులు పోయాయని తెలిసిన తండ్రి ఆ మాటే ఇంకాస్త గట్టిగా అంటాడు. "ఆట మానను నాయినా, చదువూ వదలను" అంటాడు కొడుకు.

ఇందులో తప్పెవరిది? నిజానికి ఎవరిదీ కాదు. తల్లి చూసింది నిజం, తండ్రి భయం న్యాయం, కొడుకు పట్టుదల మెచ్చుకోదగింది. అయితే ముగ్గురూ "ఆటా? చదువా?" అనే వాదించుకుంటున్నారు. ఆ రెంటి బరువూ మోస్తున్న ఒంటి సంగతి ఎవరికీ పట్టలేదు. పోటీ ఆటా కష్టమైన చదువూ కలిసి సాగాలంటే మొదట ఒళ్లు నిలబడాలి. అది ఎలా నిలబడుతుందో ఈ వారం చూద్దాం. ఇక్కడ చెప్పేది రోయింగ్ గురించే అయినా కబడ్డీ, ఖోఖో, పరుగు, ఈత, విలువిద్య – ఏ ఆట ఆడే విద్యార్థికైనా ఇందులో చాలా భాగం వర్తిస్తుంది.

ఈ ఆట ఒంటిని ఏమడుగుతుంది?

రోయింగ్ అంటే చేతుల బలంతో పడవ లాగడమని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. పడవలో కూర్చునే పీట పట్టాల మీద ముందుకూ వెనక్కూ జరుగుతుంది. పాదాలు ఒక పలకకు కట్టి ఉంటాయి. తెడ్డు నీళ్లలో వేసి, కాళ్లతో పలకను బలంగా తన్ని, నడుమును వెనక్కి వాల్చి, ఆఖరున చేతులతో తెడ్డును ఒంటి దగ్గరకు లాగుతారు. అంటే తొడలు, పిరుదులు, నడుము, వీపు, భుజాలు – శరీరంలోని పెద్ద కండరాలన్నీ ఒకేసారి పనిచేస్తాయి. పోటీదూరం 2,000 మీటర్లు. పడవ రకాన్ని బట్టి అయిదున్నర నుంచి ఎనిమిది నిమిషాలు పడుతుంది. ఆ కాసేపట్లో రెండు వందల పైచిలుకు సార్లు తెడ్డు వేయాలి. గుండె, ఊపిరితిత్తులు తమ శక్తి అంచుల దాకా వెళ్లి వస్తాయి.

ఆ కొద్ది నిమిషాల కోసం నెలల తరబడి, రోజుకు గంటన్నర రెండు గంటలు సాధన చేయాలి. గాలి తక్కువగా ఉండి నీళ్లు నిలకడగా ఉండే వేళ తెల్లవారుజాము కనుక సాధన అప్పుడే పెడతారు. చదువుకునే పిల్లలకు చిక్కు వచ్చేది ఇక్కడే. ఆట తెల్లవారి నిద్రను తీసుకుంటుంది, చదువు రాత్రి నిద్రను తీసుకుంటుంది.

"మనవైపు పిల్లలకు ఈ నీళ్ల ఆటలు అచ్చివస్తాయా?" అని సందేహించనక్కరలేదు. మహారాష్ట్రలో నాసిక్ జిల్లా కరువు ప్రాంతంలో పుట్టి, సైన్యంలో చేరిన తర్వాతే తెడ్డు పట్టిన దత్తు భోకనల్ 2016 రియో ఒలింపిక్స్‌లో ఒంటరి పడవ పోటీలో 13వ స్థానంలో నిలిచారు. 2010లో గ్వాంగ్జౌ ఆసియా క్రీడల్లో ఈ ఆటలో మన దేశానికి మొదటి స్వర్ణం తెచ్చిన బజరంగ్‌లాల్ తఖర్ ఎడారి రాష్ట్రమైన రాజస్థాన్ బిడ్డ. 2023లో హాంగ్జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో రోయింగ్‌లో మనకు అయిదు పతకాలు వచ్చాయి. చెరువుల మధ్య పుట్టిన మన ఓరుగల్లు ప్రాంతపు పిల్లలకు నీళ్లు కొత్త కావు గదా!

రెండూ చేసినవారు లేకపోలేదు

చదువుకునే వాళ్ల ఆటగానే రోయింగ్‌కు పేరు వచ్చింది. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాల మధ్య పడవ పందెం 1829లో మొదలైంది. అమెరికాలో హార్వర్డ్, యేల్ కళాశాలలు 1852లోనే పోటీపడ్డాయి. మన దేశంలో పుణె ఇంజనీరింగ్ కళాశాలకు 1928 నుంచి బోట్ క్లబ్ ఉంది. ఇంజనీరింగ్ చదివే పిల్లలే అక్కడ పడవలు నడుపుతారు, ఏటేటా పడవల పండుగ జరుపుతారు.

మన తెలుగువారిలోనే చూడండి. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ విలువిద్యలో దేశదేశాలు తిరుగుతూనే బి.టెక్. చదివారు. హాంగ్జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణపతకాలు గెలిచారు. పి.వి. సింధు హైదరాబాదులోని సెయింట్ ఆన్స్ కళాశాలలో చదువుకుంటూనే బ్యాడ్మింటన్‌లో పైకి వచ్చారు. జఫర్‌గఢ్ మాదిరిగానే ఒకప్పటి వరంగల్ జిల్లాలోనిదే పర్వతగిరి మండలంలోని కల్లెడ. ఆ ఊరి బడిలో చదువుకుంటూ విల్లు పట్టిన వర్ధినేని ప్రణీత 2008లో బీజింగ్ ఒలింపిక్స్ దాకా వెళ్లింది. అదే కల్లెడకు చెందిన జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. పొరుగున కర్ణాటకలో అనిల్ కుంబ్లే మెకానికల్ ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకున్నారు.

వైద్యవిద్యార్థి కథ ఒకటి చెప్పుకోవాలి. మైలు దూరాన్ని నాలుగు నిమిషాల లోపు పరుగెత్తడం మనిషికి సాధ్యం కాదనుకున్న రోజుల్లో, 1954 మే 6న, రోజర్ బానిస్టర్ 3 నిమిషాల 59.4 సెకన్లలో పరుగెత్తాడు. అప్పటికతడు లండన్‌లో వైద్యవిద్యార్థి. మధ్యాహ్న భోజన విరామంలో దొరికే కొద్దిసేపే అతని సాధన. తర్వాత పేరు పొందిన నరాల వైద్యుడయ్యాడు. గంటల లెక్క కన్నా ఆ గంటలో ఏం చేస్తున్నామన్నది ముఖ్యమని అతని జీవితం చెబుతుంది.

ఈ పేర్లు చెప్పింది "వాళ్లు చేశారు, నువ్వెందుకు చేయలేవు?" అని పిల్లల్ని దెప్పడానికి కాదు సుమా! వీరి వెనుక కుటుంబమో, బడో, కళాశాలో, గురువో నిలబడ్డారు. ఆ ఆసరా లేకుండా పిల్లవాడొక్కడే రెండు బండ్లు లాగాలంటే ముందు విరిగేది అతని ఒళ్లే.

వారానికి ఉన్నవి 168 గంటలే

ఒక కాగితం, పెన్సిలు తీసుకోండి. వారానికి ఏడు రోజులు, రోజుకు 24 గంటలు – మొత్తం 168 గంటలు. ఇలా పంచి చూడండి:

నిద్ర – రోజుకు 8 చొప్పున 56 గంటలు
తరగతులు, ల్యాబులు – 35 గంటలు
ఆట సాధన – 14 గంటలు
రాకపోకలు – 7 గంటలు
తిండి, స్నానం, బట్టలు ఉతుక్కోవడం వగైరా – 21 గంటలు
సొంత చదువు – రోజుకు 3 చొప్పున 21 గంటలు

మొత్తం 154. ఇంకా 14 గంటలు మిగిలాయి! కాలం చాలదన్న మాట పూర్తిగా నిజం కాదని తేలిపోయింది. అయితే ఈ లెక్క ఎక్కడ తప్పుతుంది? సెల్‌ఫోను దగ్గర, హాస్టలు కబుర్ల దగ్గర, రోజుకు గంటనుకున్న రాకపోకలు మూడు గంటలైన చోట. కాలేజీ నగరానికి ఒక మూలా చెరువు మరో మూలా ఉంటే లెక్క కుదరదు. అప్పుడు వారంలో మూడు రోజులు నీళ్ల మీద, మిగిలిన రోజులు హాస్టలు దగ్గరే రోయింగ్ యంత్రం మీదో, మైదానంలోనో కసరత్తు చేసుకోవచ్చు.

సాధనకు 14 గంటలు తక్కువని శిక్షకులు అనవచ్చు. అమెరికాలో కళాశాల క్రీడలను నడిపే సంస్థ సైతం పోటీల కాలంలో వారానికి 20 గంటలు మించి తప్పనిసరి సాధన పెట్టరాదని, వారంలో ఒక రోజు పూర్తి సెలవివ్వాలని నిబంధన పెట్టుకుంది. ఆ ఒక్క రోజు విశ్రాంతి సోమరితనం కాదు. కండరం బలపడేది కసరత్తు చేసేటప్పుడు కాదు, ఆ తర్వాత విశ్రాంతిలో మరమ్మతు జరిగేటప్పుడు.

నిద్రను దొంగిలించకండి

కాలం చాలనప్పుడు అందరూ మొదట చేయి వేసేది నిద్ర మీదే. 13 నుంచి 18 ఏళ్ల వారికి 8 నుంచి 10 గంటలు, ఆ పైవారికి కనీసం 7 గంటల నిద్ర కావాలి. ఆట ఆడేవారికి మరికాస్త ఎక్కువే అవసరం.

పగలు చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. అరిగిన కండరాలు బాగయ్యేదీ, ఎదుగుదల హార్మోను ఎక్కువగా ఊరేదీ నిద్రలోనే. కాబట్టి రాత్రి రెండింటి దాకా చదివి, నాలుగున్నరకు లేచి పడవ ఎక్కిన పిల్లవాడు అటు చదివిందీ నిలుపుకోలేడు, ఇటు చేసిన కసరత్తు ఫలితమూ పొందలేడు. రెండు వైపులా నష్టమే.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం బాస్కెట్‌బాల్ ఆటగాళ్లను కొన్ని వారాలపాటు రాత్రికి పది గంటలు పడకమీద ఉండమన్నారు. వారి పరుగు వేగం పెరిగింది. బంతిని గురిగా వేయడం సుమారు తొమ్మిది శాతం మెరుగైంది. మందు లేదు, మాకు లేదు, కేవలం నిద్రే!

మరి తెల్లవారుజామున సాధన ఉన్నవారు ఏం చేయాలి? రాత్రి తొమ్మిదిన్నరకల్లా పడుకోవడమొక్కటే మార్గం. హాస్టలులో అది కష్టమే. కాబట్టి బరువైన చదువును సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్యకు మార్చుకోండి. సాయంత్రం కసరత్తును వారానికి రెండు మూడు రోజులకు తగ్గించండి. మధ్యాహ్నం భోజనం తర్వాత 20 నుంచి 30 నిమిషాల కునుకు చాలా మేలు చేస్తుంది. అంతకు మించి పడుకుంటే రాత్రి నిద్ర చెడుతుంది. మధ్యాహ్నం మూడు దాటాక టీ, కాఫీలు, ఉత్సాహాన్నిస్తాయని అమ్మే తీపి డబ్బా పానీయాలు ముట్టకండి. పరీక్షలప్పుడు నిద్ర రాకుండా ఉండడానికి బిళ్లలు మింగే అలవాటు అతి ప్రమాదకరం. వాటిలో కొన్ని క్రీడల్లో నిషేధించిన మందుల జాబితాలో కూడా ఉంటాయి.

తిండి – హాస్టలు పళ్లెం చాలదు

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పేరు మీరు వినే ఉంటారు. ఆ సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం, 65 కిలోల మగవాడు కూర్చుని చేసే పనైతే రోజుకు సుమారు 2,110 కేలరీలు, ఒక మోస్తరు శ్రమకు 2,710, కఠిన శ్రమకు 3,470 కేలరీలు తినాలి. 55 కిలోల స్త్రీకి ఈ అంకెలు 1,660, 2,130, 2,720. రోజుకు రెండు గంటలు తెడ్డు వేసే కుర్రవాడు కఠిన శ్రమ చేసే వాడి కిందే లెక్క. పక్క మంచం మీది స్నేహితుడికీ ఇతనికీ ఒకే పళ్లెం పెడితే రోజూ వెయ్యి కేలరీల దాకా లోటు పడుతుంది. ఆ తల్లి కళ్లకు కొడుకు చిక్కినట్లు కనిపించడంలో ఆశ్చర్యమేముంది?

మాంసకృత్తులు మామూలు వారికి కిలో బరువుకు 0.8 గ్రాముకు కాస్త పైన చాలు. కఠినమైన ఆటలాడేవారికి 1.2 నుంచి 2 గ్రాముల వరకు కావాలి. 70 కిలోల కుర్రవాడికి రోజుకు వంద గ్రాములనుకోండి. దీనికి వేల రూపాయల డబ్బా పొడులు కొనాలా? అక్కరలేదు. రెండు కోడిగుడ్లలో 12 గ్రాములు, అరలీటరు పాలు లేదా పెరుగులో 16, ఒక గుప్పెడున్నర పల్లీలలో 12, రోజంతటికీ 75 గ్రాముల పప్పులో 17, వంద గ్రాముల కోడికూర లేదా చెరువు చేపలో 20, అన్నం, జొన్నరొట్టె కలిపి 400 గ్రాముల ధాన్యంలో సుమారు 32 – వంద దాటిపోయింది. శాకాహారులు మాంసం బదులు పెసర్లు, శనగలు, సోయా, పాలు పెంచుకోవాలి.

వేళలూ ముఖ్యమే. లేవగానే ఏమీ తినకుండా పడవ ఎక్కకండి. ఒక అరటిపండో, రెండు ఖర్జూరాలో, చిన్న బెల్లపు పల్లిపట్టీయో చాలు. సాధన అయిన గంటలోపు కడుపునిండా తినాలి. నాలుగు ఇడ్లీలు, గుడ్లు, గ్లాసు పాలు అయితే భేషుగ్గా ఉంటుంది. ఎనిమిది గంటలకు కాలేజీ బస్సు ఉందని ఈ తిండి ఎగ్గొట్టే పిల్లలే పదిగంటల తరగతిలో కునికిపాట్లు పడతారు. వారికి డబ్బాలో కట్టుకెళ్లే ఏర్పాటు కావాలి. ఊరి నుంచి వచ్చేటప్పుడు అమ్మ కట్టిచ్చే పల్లీ ముద్దలు, నువ్వుల లడ్డూలు, వేయించిన శనగలు ఏ డబ్బా పొడికీ తీసిపోవు. పైగా మార్కెట్లో దొరికే కొన్ని పొడుల్లో నిషేధిత మందులు కలిసి ఉండవచ్చు. తెలియక తిన్నానన్నా నిషేధం తప్పదు.

బరువు విషయంలో ఒక హెచ్చరిక. రోయింగ్‌లో "లైట్‌వెయిట్" తరగతి ఉండేది. ఆ బరువు కోసం పిల్లలు అన్నం మానేసి, నీళ్లు తాగకుండా, చెమట పట్టించి కిలోలు తగ్గించుకునేవారు. 2024 పారిస్ తర్వాత ఆ తరగతిని ఒలింపిక్స్ నుంచి తీసివేశారు. అయినా బరువు తరగతులున్న ఇతర ఆటల్లో ఈ అలవాటు పోలేదు. పోటీకి రెండు రోజుల ముందు నీళ్లు మానడం గుండెకూ, మూత్రపిండాలకూ ముప్పు. ఏ శిక్షకుడు చెప్పినా చేయకండి.

ఆడపిల్లలు తప్పక చదవవలసింది

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. రక్తంలో హిమోగ్లోబిన్ తక్కువైతే కండరాలకు ప్రాణవాయువు అందదు. ఎంత సాధన చేసినా ముందుకు పోలేరు. మెట్లెక్కితే ఆయాసం, చదువు మీద దృష్టి నిలవకపోవడం, జుట్టు రాలడం దీని గుర్తులు. స్త్రీలకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. ఆకుకూరలు, సజ్జలు, నువ్వులు, పప్పులు, వీలైతే మాంసం, కాలేయం తినాలి. అన్నంలో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా వంటబడుతుంది. భోజనంతోపాటు టీ తాగితే ఆ ఇనుము వృథా అవుతుంది. కనీసం గంట ఎడం ఇవ్వండి. ఆటలో చేరే ముందు, తర్వాత ఆర్నెల్లకొకసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి.

మరో సంగతి మన ఇళ్లలో గుసగుసగా తప్ప మాట్లాడరు. కఠిన సాధన చేస్తూ చాలినంత తినని అమ్మాయిలకు నెలసరి ఆగిపోతుంది. "ఆటలాడే పిల్లలకు మామూలే" అని కొందరు తేలిగ్గా తీసుకుంటారు. మామూలు కాదు. ఖర్చవుతున్న శక్తికి తగిన తిండి లేదని శరీరం చేస్తున్న ఫిర్యాదు అది. అలాగే వదిలేస్తే ఎముకలు బలహీనపడి సన్నని పగుళ్లు వస్తాయి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ స్థితి గురించి ప్రత్యేకంగా హెచ్చరించింది. మగపిల్లలకు కూడా శక్తి లోటు వల్ల ఇటువంటి నష్టమే జరుగుతుందని చెప్పింది. మూడు నెలలు వరుసగా నెలసరి రాకపోతే డాక్టరుకు చూపించండి. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

నడుము, పక్కటెముక, అరచెయ్యి

రోయింగ్‌లో అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతినేది నడుము. పొద్దున పడవలో వంగి, పగలంతా బెంచీ మీద వంగి, రాత్రి మంచం మీద పుస్తకం పెట్టుకుని మళ్లీ వంగితే ఏ నడుమైనా మొరాయిస్తుంది. మంచం మీద చదవకండి. బల్ల, కుర్చీ వాడండి. నలభై నిమిషాలకొకసారి లేచి నాలుగు అడుగులు వేయండి. నొప్పి తొడలోకీ కాలిలోకీ పాకినా, తిమ్మిరి వచ్చినా సాధన ఆపి డాక్టరును కలవండి.

గట్టిగా ఊపిరి పీల్చినప్పుడు, దగ్గినప్పుడు పక్కటెముకల వద్ద ఒకేచోట నొప్పి పొడిస్తే అది కండరం పట్టేయడం కాకపోవచ్చు. ఎముకలో పగులు కావచ్చు. దానికి కొన్ని వారాల విశ్రాంతి తప్పదు. నొప్పి మాత్ర మింగి పడవ ఎక్కితే వారాల పని నెలలకు పడుతుంది.

అరచేతుల్లో బొబ్బలు మామూలే. వాటిని చిదపకండి. శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, పట్టీ వేయండి. ఎందుకంటే ఇక్కడ నీటి సంగతి కూడా ఉంది. పదహారో శతాబ్దంలో కట్టిన హుస్సేన్‌సాగర్‌లో నగరపు మురుగు కలుస్తూ వచ్చిందని అందరికీ తెలిసిందే. ఇది మన ఒక్కరి బాధే కాదు. 2024లో ఆక్స్‌ఫర్డ్–కేంబ్రిడ్జి పందేనికి ముందు థేమ్స్ నదిలో హానికర సూక్ష్మజీవులు ఎక్కువగా ఉన్నాయని తేలి, గాయాలకు పట్టీ వేసుకోమని, గెలిచిన సంబరంలో నీళ్లలోకి దూకవద్దని జట్లకు చెప్పారు. మన పిల్లలూ నీళ్లు నోట్లోకి పోకుండా చూసుకోవాలి, దిగగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. నీళ్లలో దిగిన కొద్ది రోజులకు తీవ్రమైన జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రబడడం, పచ్చబడడం కనిపిస్తే ఎలుకల మూత్రం ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్ కావచ్చు. చెరువులో పడవ నడుపుతున్న సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

అన్నిటికన్నా ముందు – ఈత రాని పిల్లవాడు పడవ ఎక్కరాదు. చిన్నప్పుడు ఊరి బావిలో నేర్చిన ఈత ఉన్నా, శిక్షకుడి ముందు ఈది చూపించాకే ఎక్కాలి.

వేసవిలో మన వైపు ఎండ 42, 43 డిగ్రీలు దాటుతుంది. ఎనిమిది లోపు సాధన ముగించండి. మూత్రం లేత పసుపులో ఉంటే నీళ్లు సరిపోయినట్లు, ముదురుగా ఉంటే చాలనట్లు. చెమట ఎక్కువగా పట్టినప్పుడు ఉప్పు వేసిన మజ్జిగ, ఓ.ఆర్.ఎస్. తాగండి.

ఒళ్లు ముందే చెబుతుంది

రోజూ లేవగానే, మంచం దిగకముందే, మణికట్టు దగ్గర నాడి చూసుకుని ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. మామూలు అంకె కన్నా 8, 10 ఎక్కువగా వరుసగా మూడు నాలుగు రోజులు ఉంటే ఒళ్లు అలసిందన్నమాట. పక్కనే నిద్రపోయిన గంటలు, వారానికొకసారి బరువు రాయండి. ఇంతకన్నా చవకైన వైద్య పరికరం లేదు.

వీటిలో ఏ రెండు మూడు కలిసి రెండు వారాలకు మించి ఉన్నా సాధన సగానికి తగ్గించి డాక్టరును చూడాలి: తగ్గని అలసట, నిద్ర పట్టకపోవడం, ఆకలి మందగించడం, మాటిమాటికీ జలుబు, బరువు తగ్గడం, చీటికిమాటికీ కోపం, ఇష్టమైన ఆట మీదే విసుగు, చదివింది తలకెక్కకపోవడం.

ఇక ఒక్కరోజు కూడా ఆగకూడని లక్షణాలు: కసరత్తు మధ్యలో స్పృహ తప్పడం, గుండెలో నొప్పి, గుండె లయ తప్పి కొట్టుకోవడం. కుటుంబంలో ఎవరైనా యాభై ఏళ్ల లోపు హఠాత్తుగా గుండె ఆగి పోయి ఉంటే, ఆటలో చేరేముందే ఆ సంగతి చెప్పి ఇ.సి.జి. తీయించుకోవాలి.

మనసుకూ అలసట ఉంటుంది. సబ్జెక్టులు పోయాయన్న సిగ్గుతో, ఇంట్లో ఏమంటారోనన్న భయంతో పిల్లలు ముడుచుకుపోతారు. ఫోను ఎత్తకపోవడం, స్నేహితులను తప్పించుకోవడం, బతికి లాభం లేదన్న మాట అనడం – ఇవి నాటకాలు కావు. తిట్టకుండా దగ్గర కూర్చోబెట్టుకుని వినండి, ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుని వద్దకు తీసుకెళ్లండి. ప్రభుత్వ ఉచిత ఫోను సేవ 14416 (టెలి మానస్) కూడా ఉంది.

పరీక్షల నెలలో ఏం చేయాలి?

చాలామంది పరీక్షలు రాగానే ఆట పూర్తిగా మానేస్తారు, లేదా పోటీలున్నాయని పుస్తకం మూసేస్తారు. రెండూ అనవసరం. సాధించిన దమ్ము అంత తొందరగా పోదు. వారానికి రెండు మూడు రోజులు, తక్కువ సేపే అయినా గట్టిగా కసరత్తు చేస్తే కొన్ని వారాలపాటు అది చాలావరకు నిలుస్తుంది. కాబట్టి పరీక్షల ముందు మూడు వారాలు సాధన సమయాన్ని సగానికి తగ్గించండి, పూర్తిగా మానకండి. ఆ కాస్త కసరత్తు వల్ల నిద్ర బాగా పడుతుంది, బెదురు తగ్గుతుంది.

సెమిస్టరు మొదట్లోనే పోటీల తేదీలు, పరీక్షల తేదీలు ఒకే కాగితం మీద రాయండి. ఎక్కడ ఢీకొంటున్నాయో అప్పుడే తెలుస్తుంది. ఇంజనీరింగ్ కళాశాలల్లో సాధారణంగా 75 శాతం హాజరు ఉండాలి. అది కాస్త తగ్గినప్పుడు మినహాయింపుకు నిబంధనలుంటాయి. పోటీలకు వెళ్లక ముందే ఫిజికల్ డైరెక్టరు చేత ఉత్తరం రాయించి విభాగాధిపతికి ఇవ్వండి. వచ్చాక బతిమాలుకోవడం కన్నా వెళ్లేముందు చెప్పడం వేయి రెట్లు మేలు. పోయిన ల్యాబు ఎప్పుడు చేయవచ్చో అప్పుడే అడగండి. బస్సులో, రైలులో చదవడానికి చిన్న చిన్న కాగితాల మీద సూత్రాలు రాసుకుని జేబులో పెట్టుకోండి.

తల్లిదండ్రులతో రెండు మాటలు

"ఆట మానెయ్" అన్నంత మాత్రాన మిగిలిన రెండు గంటలూ చదువుకు పోతాయని నమ్మకం లేదు. చాలాసార్లు ఫోనుకు పోతాయి. ఆట ఇచ్చే క్రమశిక్షణ కూడా పోతుంది. అలాగని కొడుకు పట్టుదల చూసి అన్నీ అతనికే వదిలేయడమూ సరికాదు.

ఒక సెమిస్టరు గడువు పెట్టుకోండి. ఇన్ని గంటల నిద్ర, ఇంతకు తగ్గని బరువు, పోయిన సబ్జెక్టులు ఈసారి పూర్తి – ఈ మూడూ నిలబెట్టుకుంటే ఆట సాగుతుంది, లేకపోతే ఒక సెమిస్టరు పోటీలు మానుకుని, ఆరోగ్యం కోసం మాత్రమే ఆడతాడు. ఈ ఒప్పందం పిల్లవాడి నోటే చెప్పించండి. తనే పెట్టుకున్న షరతును పిల్లవాడు తొందరగా దాటడు.

ఫోను చేసినప్పుడు "మార్కులెన్ని?" అనో "గెలిచినవా?" అనో మొదలుపెట్టకండి. "తిన్నవా? రాత్రి ఎన్నింటికి పడుకున్నవు?" అని అడగండి. ఆ రెండు ప్రశ్నలకు సరైన జవాబు వస్తున్నంతకాలం మార్కులకూ పతకాలకూ దారి తెరిచే ఉంటుంది.

పతకం రాకపోతే మరో ఏడు పోటీ ఉంటుంది. సబ్జెక్టు పోతే మరో ఆర్నెల్లకు పరీక్ష ఉంటుంది. ఇరవై ఏళ్ల వయసులో పాడుచేసుకున్న ఆరోగ్యాన్ని తిరిగి రాబట్టడం మాత్రం అంత సులువు కాదు. అందుకే ముందు నిద్ర, తర్వాత తిండి, ఆ తర్వాతే తెడ్డూ పుస్తకమూ. ఈ వరస తప్పకపోతే రెండింటినీ కలిపి మోయడం పిల్లలకు బరువు కాదు.